పెద్దవాళ్లతో చెఫలూ ఒక్క పూటలో చూసి రావచ్చా?

ఇటలీలోని సిసిలీ ద్వీపానికి వెళ్తున్నాం, అక్కడి పెద్ద నగరం పాలెర్మోలో మూడు రోజులు దిగుతాం, అరవై దాటిన అమ్మానాన్నలతో సముద్రం ఒడ్డునున్న చెఫలూ ఊరు ఒక్క పూటలో చూసి రావచ్చా అని అడిగారు. వద్దండి. పాలెర్మో నుంచి రైల్లో గంట ప్రయాణమే, కానీ వెళ్తే రెండు రాత్రులు ఉండండి.

నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఓ టూర్ కంపెనీ బస్సులో. గంటన్నర టైమిచ్చారు. కెథడ్రల్ మెట్ల మీద ఫొటోలు, ఓ ఐస్‌క్రీమ్, మళ్లీ బస్సు. సిసిలీ రాజు రెండో రోజర్ 1131లో మొదలుపెట్టిన పెద్ద చర్చి అది. లోపల చిన్న చిన్న ముక్కలు పొదిగి చేసిన 1148 నాటి బంగారు మొజాయిక్‌ బొమ్మలో క్రీస్తు చేతిలో తెరిచిన పుస్తకం ఉంటుంది, ఒక పేజీ గ్రీకులో, ఒకటి లాటిన్‌లో. మా బస్సులో సగం మంది లోపలికే రాలేదు. లక్షలు కట్టించుకుని ఇలా తిప్పడం అన్యాయం. నాకు ఇప్పటికీ కోపమే.

రెండోసారి జులైలో అమ్మని తీసుకెళ్లాను. విట్టోరియో ఇమాన్యుయేలె వీధిలో నడుస్తుంటే పక్కన నల్లరాతి మెట్లు కిందికి దిగుతూ కనిపించాయి. కింద బట్టలుతికే పాతకాలపు రేవు. సింహం తలల నోళ్లలోంచి నీళ్లు తొట్లలోకి పడి, అటు నుంచి సముద్రంలోకి పోతాయి. అమ్మ మెట్లు దిగి, బట్టలుతికే ఏటవాలు రాయి మీద చెయ్యి వేసి, "ఒరే, ఇది మన రేవేరా" అంది.

కోనసీమలో పెళ్లయిన కొత్తలో అమ్మ రోజూ కాలవ రేవులోనే బట్టలుతికేది. ఆ సంగతి నాకు తెలుసు, కానీ ఎప్పుడూ అడిగి తెలుసుకోలేదు. ఆ రాళ్ల దగ్గర కూర్చుని గంటసేపు చెప్పింది. దుప్పట్లు ఇద్దరు పట్టుకుని పిండడం, బండ కోసం తెల్లారకముందే వెళ్లడం, చలికాలంలో వేళ్లు కొంకర్లు పోవడం. గోడ మీద రాతి పలకలో ఈ చెఫలీనో ఏటి నీళ్లు వెండి కన్నా స్వచ్ఛం, మంచు కన్నా చల్లన అని రాసుంది. అది చదివి చెప్తే అమ్మ నీళ్లలో చెయ్యి పెట్టి, నిజమేనంది. తర్వాత అడిగింది: "వేసవిలో వీళ్లకి కాలవ కట్టెయ్యరా?"

మేమక్కడ ఉండగానే గైడ్ వెనక ఓ గుంపు దిగి, ఫోన్లు పైకెత్తి, రెండు నిమిషాల్లో వెళ్లిపోయింది. ఒక్కరూ నీళ్లు ముట్టుకోలేదు.

తిండి గురించి బెంగ వద్దు. కాపోనాతా అడగండి. వంకాయ, ఆలివ్‌లు, వెనిగర్, పంచదారతో చేస్తారు. అమ్మ కారం తక్కువైందంటూనే రెండుసార్లు వేయించుకుంది. కాకపోతే మధ్యాహ్నం ఆలస్యమైతే చాలా హోటళ్లలో వంటిల్లు మూసేస్తారు. పెద్దవాళ్లకి మాత్రలేసుకునే టైముంటుంది కదా, ఒంటిగంటకే కూర్చోండి. ఊరి మీదున్న లా రొక్కా కొండ 270 మీటర్ల దాకా ఉంటుంది, ఎండలో వాళ్లని ఎక్కించొద్దు. సాయంత్రం పోర్తా పెస్కారా దగ్గరికి తీసుకెళ్లండి. ఆ పాత రాతి కమాను కింద నిలబడితే ఎదురుగా సముద్రమే.

రేవు మెట్లు మాత్రం నున్నగా అరిగిపోయాయి. మీ అమ్మగారిని చెయ్యి పట్టుకుని దింపండి.