అటకకు ఏవి, మంచం కిందికి ఏవి?

ప్రశ్న: చెన్నై మాంబళంలో ఒకే పడకగది ఉన్న ఇంట్లో ఉంటున్నాము. కొలువు బొమ్మలు, ఇత్తడి గుండిగలు, పట్టుచీరలు, ఏళ్లుగా వాడని గ్రైండరు ఎక్కడ సర్దుకోవాలి?

జవాబు: బరువైన గుండిగలను అటకెక్కించకండి, చింతపండుతో తోమి, తడి పూర్తిగా ఆరాక, మధ్యలో నూలు గుడ్డ వేసి ఒకదానిలో ఒకటి అమర్చి మంచం కింద ఉంచండి. అటక మట్టిబొమ్మలకే తగినది. ముక్కు, చేతివేళ్ల వంటి సున్నితమైన చోట్ల ముందుగా దూది చుట్టి, ఆపైన పాత పంచె ముక్కతో మూటకట్టి, అట్టపెట్టెలో నిలువుగా పేర్చి, ఏ మెట్టు మీదివో పెట్టెపై రాసుకుంటే నవరాత్రులకు వెతుకులాట ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది కనుక పెట్టెను బయటి గోడకు ఆనించకండి. పట్టుచీరలకు ప్లాస్టిక్ సంచి వద్దు, నూలు గుడ్డే మేలు. మడతలు అప్పుడప్పుడు మార్చండి. గ్రైండరును మాత్రం, మొహమాటం లేకుండా, అమ్మేయండి.