టెక్ సందేహాలు: జాతరకు లెన్స్, గూడబాతులకు కెమెరా

ప్రశ్న: ఫోన్‌తో ఫొటోలు మొదలుపెట్టి, తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కానన్ 1500డి అనే డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) కొన్నాను. కెమెరాతో పాటే వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్, దూరానివి తీసే 55-250 ఎంఎం లెన్స్ ఉన్నాయి. పగటిపూట చంద్రగిరి కోటలో ఫొటోలు బాగా వస్తున్నాయి. గంగమ్మ జాతరలో చీకటి పడ్డాక తీస్తే మాత్రం వేషాలన్నీ కదిలిపోయినట్టు వస్తున్నాయి. నేలపట్టు పక్షుల కేంద్రంలో ఎగిరే గూడబాతులైతే ఫోకస్‌లోకే రావడం లేదు. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌కి, అంటే పెద్ద సెన్సర్ (ఫొటోను పట్టే చిప్) ఉండి అద్దం లేని కెమెరాకి, మారమని స్నేహితులు అంటున్నారు. మారాలా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీవి రెండు వేర్వేరు సమస్యలు. జాతర కోసం కెమెరా మార్చనక్కర్లేదు. పక్షుల కోసం మార్చవచ్చు, కానీ ఫుల్ ఫ్రేమ్‌కి కాదు.

కిట్ లెన్స్‌ని 55 దాకా జూమ్ చేస్తే అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). వీధి దీపాల వెలుతురు చాలక షటర్ సెకనులో 30వ వంతు సేపు తెరిచి ఉంటుందనుకోండి. మాతంగి వేషం కట్టిన భక్తుడు ఆలోపే తల తిప్పేస్తాడు. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ పెడితే దాదాపు 10 రెట్లు వెలుతురు లోపలికొస్తుంది. అప్పుడు అదే వెలుతురులో 250వ వంతుకు వెళ్లొచ్చు. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 3200 దాకా పెంచడానికి భయపడకండి, రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దని అసలు ఫైల్) తీయండి. ఒక ఇబ్బంది ఉంది: మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి 50 లెన్స్ 80 లెన్స్‌లా ఇరుగ్గా చూపిస్తుంది. జనంలో వెనక్కి జరగడం కష్టం. ముందే వెళ్లి కాస్త దూరంగా ఏదైనా అరుగు చూసుకోండి.

నేను వచ్చిన దారి కూడా ఇదే. చీకట్లో ఫోన్ వరసగా చాలా ఫ్రేములు తీసి, అన్నీ కలిపి ఒక ఫొటో చేసి ఇచ్చేస్తుంది. మనం ఆలోచించాల్సిన పని ఉండదు. డీఎస్ఎల్ఆర్ అలా చేసిపెట్టదు. షటర్ ఎంత, అపర్చర్ ఎంత అని మనమే తేల్చుకోవాలి. నేను ఫొటోగ్రఫీ నేర్చుకున్నది అక్కడే. ఆ తర్వాత మిర్రర్‌లెస్‌కి మారినప్పుడు బాగా నచ్చింది ఏమిటంటే, బటన్ నొక్కకముందే ఫొటో ఎంత వెలుగుతో వస్తుందో వ్యూఫైండర్‌లోనే కనిపించడం.

ఇక గూడబాతులు. 1500డిలో ఫోకస్ పాయింట్లు 9 మాత్రమే, అవీ మధ్యలోనే ఉంటాయి. సెకనుకు 3 ఫొటోలే తీస్తుంది. ముందు ఏఐ సర్వో మోడ్ (కదిలేదాన్ని వెంబడిస్తూ ఫోకస్ చేసేది), మధ్య పాయింట్, షటర్ 1000వ వంతు కన్నా వేగంగా పెట్టి సాధన చేయండి. ఆ తర్వాతా దక్కకపోతే అప్పుడు తప్పు కెమెరాదే. 2022లో వచ్చిన కానన్ ఆర్10 పక్షి కంటిని తనే పట్టుకుంటుంది, సెకనుకు 15 ఫొటోలు తీస్తుంది. అడాప్టర్ పెడితే మీ 55-250 దానికీ పనిచేస్తుంది.

ఫుల్ ఫ్రేమ్ వద్దన్నది ఇందుకే: మీ 250 లెన్స్ ఇప్పుడు 400 ఎంఎం అంత దగ్గరగా చూపిస్తోంది. ఆ లెన్స్ చిన్న సెన్సర్ కోసం చేసింది. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌కి తగిలిస్తే కెమెరా సెన్సర్ మధ్య భాగాన్నే వాడుకుంటుంది, సగం కన్నా ఎక్కువ పిక్సెళ్లు వృథా. మళ్లీ కొత్త పెద్ద లెన్స్ కొనాలి, దాని ధర కెమెరాను మించిపోవచ్చు. నేలపట్టులో పక్షులకు అక్టోబర్ నుంచి మార్చి దాకా మంచి కాలం. అప్పటిదాకా ఆగి, ఆర్10 అద్దెకు దొరికితే ఒక రోజు వాడి చూసి నిర్ణయించుకోండి. 50 లెన్స్ మాత్రం ఇప్పుడే కొనొచ్చు.

ప్రశ్న: పాత డీఎస్ఎల్ఆర్ కొంటున్నాను. ఏం చూడాలి?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: లెన్స్ ముందు. ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి లోపలికి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా వద్దు. తర్వాత ఎఫ్/16లో తెల్ల గోడను ఫొటో తీయండి. నల్ల చుక్కలు వస్తే సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టు, అది శుభ్రం చేయించుకోవచ్చు. షటర్ ఎన్నిసార్లు నొక్కారో అడగండి. ఛార్జర్, బ్యాటరీ అసలువేనా అని చూడండి. మీ మెమరీ కార్డు వెంట తీసుకెళ్లి, తీసిన ఫొటోలు ఇంట్లో పెద్ద స్క్రీన్ మీద చూశాకే డబ్బులివ్వండి.