‘ఎల్ రే’ పాడి ఊరూరా మోగించింది విసెంతే, రాసింది మాత్రం హోసే ఆల్ఫ్రెడో

మెక్సికన్ రెస్టారెంట్లలో మరియాచి వాళ్లు, అంటే గిటార్లు, వయొలిన్లు, ట్రంపెట్లతో పాడే సంప్రదాయ బృందాలు, పాడే ‘ఎల్ రే’, అంటే ‘రాజు’ పాట, గాయకుడు విసెంతే ఫెర్నాందెస్ రాసిందేనా, అందులో అంత పొగరు ఎందుకు అని అడిగారు. రాసింది ఆయన కాదు. ఆయన గొంతులో అది ఎంత పాకిపోయిందంటే, మెక్సికోలోనే కుర్రాళ్లు చాలామంది ఆయన పాటే అనుకుంటారు. మాటలూ బాణీ రెండూ హోసే ఆల్ఫ్రెడో హిమేనెస్‌వి, 1971లో పాడి రికార్డ్ చేసింది కూడా ఆయనే. పొగరు సంగతంటారా, దానికి కాస్త పెద్ద జవాబే చెప్పాలి.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద గ్వాదలహారాలో కొన్నేళ్లు ఉన్నాను. మరియాచికి పుట్టిల్లని చెప్పుకునే హలీస్కో రాష్ట్రానికి రాజధాని అది, కాబట్టి అక్కడ ఉంటూ ఈ పాట వినకుండా తప్పించుకోవడం అయ్యే పని కాదు. పెళ్లిళ్లలో విన్నాను, పుట్టినరోజు పార్టీల్లో విన్నాను, మా వీధిలో ఒక పెద్దాయన్ని సాగనంపేటప్పుడు కూడా విన్నాను. స్పానిష్ రాకుండా వింటే ఎవరో మీసం మెలేస్తున్నట్టే ఉంటుంది, ట్రంపెట్లు ఆ హడావిడి చేస్తాయి మరి. నాకు దాని అర్థం ఒక్కో లైనూ విడమరిచి చెప్పింది మా టీమ్‌లో ఒకతని అమ్మగారు, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ. ఇది ఓడిపోయినవాడు పాడే పాట అన్నారు.

నిజమే, మాటలు చూడండి. తను ప్రేమించిన ఆమె జీవితంలోంచి తను బయటికి వచ్చేశానని వాడికి తెలుసు, మొదటే ఒప్పుకుంటాడు. కానీ నేను చచ్చిన రోజు నువ్వు ఏడుస్తావు చూడు అంటాడు. ఆ తర్వాతే అందరూ గొంతు చించుకుని పాడే భాగం వస్తుంది: డబ్బున్నా లేకపోయినా నా ఇష్టం నాది, నా మాటే చట్టం. వెంటనే, సింహాసనం లేదు, రాణి లేదు, నన్ను అర్థం చేసుకునేవాళ్లు ఎవరూ లేరు, అయినా రాజుని నేనే. అన్నీ పోయాక మిగిలిన బింకం అది. రెండో చరణంలో దారిలో ఒక రాయి, దొర్లుతూ పోవడమే నీ రాత అని నేర్పిందట, ఆ తర్వాత ఒక కంచరగాడిదలు తోలేవాడు ముందుగా చేరక్కర్లేదు, ఎలా చేరాలో తెలిస్తే చాలు అన్నాడట. ఆ దొర్లడం దగ్గరికి వచ్చేసరికి హాల్లో ఉన్నవాళ్లందరూ కలిసి అందుకుంటారు, పక్కన గ్లాసులు ఉంటే జాగ్రత్త.

హోసే ఆల్ఫ్రెడో 1926 జనవరి 19న గ్వానహ్వాతో రాష్ట్రంలోని దొలోరెస్ ఇదాల్గోలో పుట్టాడు. 1810లో మెక్సికో స్వాతంత్ర్య పోరాటానికి పిలుపు వెళ్లిన ఊరే అది. తండ్రికి మందుల షాపు ఉండేది, ఆయన త్వరగా పోవడంతో కుటుంబం మెక్సికో సిటీకి చేరింది. అక్కడ ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌గా ఆడాడు, లా సిరేనా అనే రెస్టారెంట్లో వెయిటర్‌గా చేశాడు. ఆ యజమాని కొడుక్కి ఒక చిన్న సంగీత బృందం ఉంటే అందులో కలిశాడు. 1950లో ఆంద్రెస్ వెస్కా బృందం ఆయన ‘యో’ పాటని రికార్డ్ చేయడంతో దశ తిరిగింది. ఆ తర్వాత హోర్హే నెగ్రెతే, పెద్రో ఇన్‌ఫాంతే లాంటి పెద్ద పెద్ద గాయకులు ఆయన పాటలు పాడారు.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది వేరే ఉంది. ఆయనకి స్వరలిపి రాదు, ఏ వాయిద్యమూ సరిగ్గా రాదు. మన పల్లెల్లో పాటలు కట్టేవాళ్లని ఇది ఏ రాగం అని అడిగితే నవ్వేసినట్టే, ఆయనా తన పాట ఏ శ్రుతిలో ఉందో చెప్పలేకపోయేవాడట. పాడి వినిపిస్తే, లేదా ఈలేసి వినిపిస్తే, రూబెన్ ఫువెంతెస్ లాంటివాళ్లు కాగితం మీద పెట్టి వాయిద్యాలకి పంచేవారు. ఫువెంతెస్ మరియాచి వర్గాస్ బృందంలో వయొలిన్ వాద్యకారుడు, పద్ధతిగా సంగీతం నేర్చుకున్న మనిషి. ఈ ఇద్దరూ కలవకపోతే మనం ఈరోజు మరియాచి అనగానే అనుకునే ఆ సౌండ్ ఇలా ఉండేది కాదని నా నమ్మకం. ‘ఎల్ రే’ మూడు దెబ్బల నడక, గితర్రోన్ అనే లావుపాటి గిటార్ మొదటి దెబ్బ వేస్తే మిగతా రెండూ విహువేలా అనే చిన్న గిటార్ అందుకుంటుంది. ఒకసారి ఆ రెండింటి మీదే చెవి పెట్టి వినండి, పాట వేరేలా వినిపిస్తుంది.

తాగుడు హోసే ఆల్ఫ్రెడోని మింగేసింది. లివర్ చెడిపోయి 1973 నవంబర్ 23న, 47 ఏళ్లకే పోయాడు. అంటే ‘నేను చచ్చిన రోజు’ అని పాడిన రెండేళ్లకే, అందుకే మెక్సికోలో చాలామంది ఆ పాటని ఆయన వీడ్కోలుగా చెప్పుకుంటారు. నాకైతే అది కొంచెం అతి అనిపిస్తుంది, చావు ప్రస్తావన ఆయన పాటల్లో ఎప్పటినుంచో ఉంది. 1950ల నాటి ‘కమీనో దె గ్వానహ్వాతో’లో జీవితానికి విలువే లేదు అని మొదలుపెట్టాడు, ఆయన సమాధి మీద రాసింది కూడా ఆ మాటే. ఆ సమాధి దొలోరెస్ ఇదాల్గోలో ఉంది, పెద్ద సొంబ్రేరో టోపీ, దాన్నుంచి పరుచుకున్న రంగురంగుల మొజాయిక్ దుప్పటి, దాని మీద ఆయన పాటల పేర్లు. కట్టింది ఆయన అల్లుడు, ఆర్కిటెక్ట్ హవియేర్ సెనోసియాయిన్. వెళ్తే ఊరి చౌరస్తాలో ఐస్‌క్రీమ్ కూడా తినండి, అవకాడో దగ్గర్నుంచి టెకీలా దాకా దొరుకుతుంది, రొయ్యలది కూడా పెడతారు, నేను మాత్రం దాని జోలికి పోలేదు.

వినాలంటే ముందు హోసే ఆల్ఫ్రెడో రికార్డింగ్ వినండి. గొంతు గొప్పది కాదు, కానీ ఆ ఓటమి అందులోనే ఉంది. తర్వాత విసెంతేది వింటే అదే పాట విజయగీతం ఎలా అయిందో, మీకు పొగరుగా ఎందుకు అనిపించిందో తెలుస్తుంది. హోసే ఆల్ఫ్రెడో మిగతా పాటలకి మాత్రం గాయని చవేలా వర్గాస్ దగ్గరికి వెళ్లండి. ఆవిడ ఆయనతో కూర్చుని తాగిన స్నేహితురాలు, ఆయన ‘ఉన్ ముందో రారో’ పాటని ఆవిడలా ఇంకెవరూ పాడలేదు.