హెచ్‌పీవీ గురించి కళాశాలలో మాట్లాడటం ఎలా?

"మా కళాశాలలో హెచ్‌పీవీపై అవగాహన సమావేశం పెడితే విద్యార్థులు పట్టించుకుంటారా? ఈ వయసులో టీకా వేయించుకుంటే ఉపయోగం ఉంటుందా?" అని అడిగారు. హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్, ఎక్కువగా లైంగిక సంబంధాల ద్వారా సోకి కొన్ని రకాల క్యాన్సర్లకు కారణమయ్యే వైరస్. డిగ్రీ రెండో సంవత్సరంలో మేము కొందరం కలిసి ఇలాంటి సమావేశమే పెట్టాం. అది విఫలమైంది. ఏడాది తర్వాత మళ్లీ పెట్టినప్పుడు హాలు నిండింది. మధ్యలో ఏం నేర్చుకున్నానో చెబుతాను.

మొదటిసారి మేము చేసిన పెద్ద పొరపాటు అమ్మాయిలను మాత్రమే పిలవడం. గోడపత్రిక మీద "గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌పై అవగాహన, విద్యార్థినులకు మాత్రమే" అని రాశాం. హెచ్‌పీవీ ఆడవాళ్ల జబ్బు అనే అపోహను మేమే అచ్చు వేయించి అంటించినట్లయింది. వచ్చిన కొద్దిమందీ తలలు వంచుకుని కూర్చున్నారు. ప్రశ్నలున్నాయా అంటే ఒక్క చెయ్యీ లేవలేదు.

వారం తర్వాత నా స్నేహితురాలు ఒకరు ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. జననాంగాల దగ్గర పులిపిర్లు వచ్చి నాలుగు నెలలైందట. మా సమావేశంలో క్యాన్సర్ మాట విన్నప్పటి నుంచి తనకు నిద్ర లేదు. మర్నాడే ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఓపికగా వివరించారు. హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. అలాంటి పులిపిర్లలో దాదాపు 90 శాతానికి కారణం 6, 11 రకాలు. వాటి వల్ల క్యాన్సర్ రావడం చాలా అరుదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి మూలం 16, 18 రకాలు. ఈ ఒక్క తేడా మేము చెప్పి ఉంటే ఆ పిల్ల వారం రోజులు అలా కుమిలిపోయేది కాదు. మేము భయం పంచాం, సమాచారం పంచలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

రెండోసారి అబ్బాయిలనూ అమ్మాయిలనూ కలిపి పిలిచాం. పది రోజుల ముందే గ్రంథాలయంలో ఒక పెట్టె పెట్టి, పేరు రాయకుండా ప్రశ్నలు వేయమన్నాం. మీరు ఇంకేం చేసినా చేయకపోయినా ఈ పెట్టె మాత్రం పెట్టండి. చెయ్యెత్తి అడగలేనివన్నీ అందులోకి వచ్చాయి. "టీకాతోనే వైరస్ సోకుతుందా?" అని ఒక చీటీ. సోకదు. టీకాలో ఉండేది వైరస్ పైపొరను పోలిన ప్రొటీన్ మాత్రమే, వైరస్ జన్యుపదార్థం ఉండదు. "కండోమ్ వాడితే చాలదా?" అని మరొకటి. ముప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఈ వైరస్ చర్మం చర్మానికి తగిలినా సోకుతుంది, కండోమ్ కప్పని చోటూ ఉంటుంది. "అబ్బాయిలకు టీకా ఎందుకు?" అన్నవి చాలా వచ్చాయి. గొంతు, మలద్వారం, పురుషాంగ క్యాన్సర్లకూ హెచ్‌పీవీ కారణమవుతుంది. పైగా గర్భాశయ ముఖద్వారానికి ఉన్నట్లు గొంతుకు ముందస్తు పరీక్ష లేదు.

నన్ను ఎక్కువగా కదిలించిన చీటీ ఇది: "ఆమెకు హెచ్‌పీవీ ఉందని తేలింది. అంటే నన్ను మోసం చేసినట్లేనా?" కాదు. ఈ వైరస్ ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి ఉండిపోగలదు. ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి సోకిందో ఏ పరీక్షా చెప్పలేదు. లైంగిక జీవితం మొదలైనవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. పదింట తొమ్మిది సార్లు రెండేళ్లలోపు శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. దీన్ని నడవడికకు ముడిపెట్టినంత కాలం ఎవరూ నోరు విప్పరు, డాక్టరు దగ్గరికీ వెళ్లరు. మీ సమావేశంలో సగం సమయం దీనికే ఇవ్వండి.

ఇక మీ రెండో ప్రశ్న. టీకాకు అన్నిటికన్నా మంచి వయసు 9 నుంచి 14 ఏళ్లు. అలాగని కళాశాల వయసులో వృథా కాదు. ఇప్పటికే సోకిన రకాన్ని టీకా తొలగించదు, ఇంకా సోకని రకాల నుంచి కాపాడుతుంది. స్వీడన్‌లో 2020లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, 17 ఏళ్లలోపు టీకా పొందినవారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 88 శాతం తక్కువగా కనిపించింది. 17 నుంచి 30 ఏళ్ల మధ్య పొందినవారిలోనూ 53 శాతం తక్కువ. మన వయసువాళ్లకు ఇది చిన్న లాభమా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సూచన ప్రకారం 9–20 ఏళ్లవారికి ఒకటి లేదా రెండు డోసులు, 21 దాటిన స్త్రీలకు ఆరు నెలల ఎడంతో రెండు డోసులు సరిపోతాయి. రోగనిరోధక శక్తి తగ్గినవారికి మూడు డోసులు మేలు. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి కాబట్టి డాక్టరును అడగండి. టీకా వేయించుకున్న స్త్రీలు కూడా తగిన వయసు వచ్చాక స్క్రీనింగ్, అంటే గర్భాశయ ముఖద్వార ముందస్తు పరీక్ష, మానకూడదు. టీకా అన్ని రకాలనూ అడ్డుకోదు. వైరస్ శరీరంలో తిష్ఠ వేసినా క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15–20 ఏళ్లు పడుతుంది, అందుకే వేళకు చేయించుకున్న పరీక్ష ప్రాణం నిలుపుతుంది.

సూది వేశాక పావుగంట కూర్చోబెట్టండి, ఈ వయసువాళ్లలో కొందరికి కళ్లు తిరుగుతాయి.

రెండోసారీ మేము ఒక విషయం మరిచిపోయాం. సమావేశం ముగియగానే చాలామంది "ఎక్కడ వేస్తారు, ఎప్పుడు వెళ్లాలి?" అని చుట్టుముట్టారు. మా దగ్గర జవాబు లేదు. కనుక్కుని చెప్పేసరికి పరీక్షలు వచ్చాయి, కొందరు ఆగిపోయారు. మీరు టీకా కేంద్రంతో ముందే మాట్లాడి, తేదీ, సమయం కాగితం మీద రాసి అక్కడే చేతిలో పెట్టండి. రెండో డోసు తేదీ కూడా.