ఓడ తాతయ్య జవాబులు: ‘పో’ లేని ఊరు, ‘అండీ’ లేని ఊరు

ప్రశ్న: తాతయ్య గారూ, మాది కావలి. ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. మా అక్క ఫిలిప్పీన్స్‌లో, దావావ్‌లో మెడిసిన్ చేస్తోంది. వాళ్ళు అద్దెకున్న ఇంటివాళ్ళ మనవరాలికి పదహారేళ్ళు. ‘ఫిలిప్పినో విలువలు, దేశాభిమానం’ అని స్కూల్లో వ్యాసం రాయమంటే రాసి అక్కకు చూపించిందట. అక్క ఫోన్‌లో నాకు చదివి చెప్పింది. పెద్దవాళ్ళ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకోవడం, మాట చివర మర్యాదకు ‘పో’ అనడం, ఎవరైనా ఇల్లు మారాలంటే ఊరంతా కలిసి ఆ ఇంటినే భుజాన మోసుకెళ్ళడం, వాళ్ళ జాతీయ వీరుడు హోసే రిజాల్, ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన హిడిలిన్ డియాజ్, అన్నీ ఉన్నాయి. చివర్లో మాత్రం ‘మా అమ్మ తొమ్మిదేళ్ళుగా గల్ఫ్‌లో ఉంది. మా దేశం అంత గొప్పదైతే అమ్మ ఎందుకు వెళ్ళింది? అయినా జెండా పాట వింటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది’ అని రాసింది. ఆగస్టు 15కి నన్ను మాట్లాడమన్నారు. యూట్యూబ్‌లో చూస్తే అన్నీ ‘భిన్నత్వంలో ఏకత్వం’ స్పీచ్‌లే. ఆ పిల్లలాగా ఉన్నదున్నట్టు చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. అసలు వాళ్ళకున్నంత గర్వం మనకు లేదా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మాయీ, నేను ఓడల్లో, ఇంజిన్ రూమ్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఎక్కిన ప్రతి ఓడలోనూ ఫిలిప్పీన్స్ వాళ్ళు ఉండేవాళ్ళు, కొన్నిట్లో సగానికి సగం వాళ్ళే. నీ ఉత్తరం చదువుతుంటే వాళ్ళ మొహాలన్నీ గుర్తొచ్చాయి.

ముందు ఆ ‘పో’ సంగతి. అది తగలాగ్ మాట, మనీలా వైపు భాష. మీ అక్క ఉన్న దావావ్‌లో ఎక్కువమంది మాట్లాడేది బిసాయా. అందులో ‘పో’ అనేదే లేదు. మా ఓడలో మనీలా కుర్రాళ్ళు బిసాయా వాళ్ళను మర్యాద తెలీని మనుషులని ఏడిపించేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది. మన నెల్లూరోళ్ళ గురించి గోదావరి వాళ్ళు అనుకునేదీ అదే కదా! వాళ్ళకు మాటమాటకూ ‘అండీ’. మనకు ‘ఏంది’, ‘యాడికి’, ‘ఎట్టా’. మా రాజమండ్రి వియ్యపురాలు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు మా ఆవిడ ‘అన్నం తినేదానికి రావేంది వదినా’ అంది. ఆవిడ మొహం మాడిపోయింది. మర్నాడు పొద్దున మిగిలిన చేపల పులుసు గిన్నె ఎవరు ఖాళీ చేశారో మాత్రం నేను చెప్పను.

ఇక జెండా. ఒకసారి మా ఓడ మనీలా రేవులోకి వెళ్తోంది. ఏ దేశం రేవుకు వెళ్తే ఆ దేశం జెండా మర్యాదకు ఎగరెయ్యాలి. ఒంగోలు వైపు కుర్రాడు ఒకడు కొత్తగా చేరాడు, వాడికి చెప్పారు. వాళ్ళ జెండాలో పైన నీలం, కింద ఎరుపు ఉంటాయి. వీడు హడావిడిలో తలకిందులుగా కట్టేశాడు. మామూలుగా అయితే తప్పు కట్టాడు అనుకుంటాం. కానీ వాళ్ళకు ఎరుపు పైకొస్తే దేశం యుద్ధంలో ఉందని అర్థం! మా బోసన్, అంటే సరంగు, ఇలోఇలో ఊరి మనిషి, డెక్ మీద ఆ చివర నుంచి పరిగెత్తుకొచ్చాడు. తిడతాడనుకున్నాం. ఏమీ అనలేదు. జెండా దించి, సరిగ్గా కట్టి, ఎగరేసి, ‘ఎవరి మీద యుద్ధం తమ్ముడూ?’ అన్నాడు. తర్వాత టీ తాగుతూ జెండాలో ఉన్న సూర్యుడి ఎనిమిది కిరణాలు, అప్పట్లో వాళ్ళను ఏలుతున్న స్పెయిన్ మీద మొదట తిరగబడ్డ ఎనిమిది రాష్ట్రాలని వాడికి చెప్పాడు. స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది 1898 జూన్ 12న. ఆ వెంటనే అమెరికా వచ్చి కూర్చుంది. 1946 జూలై 4న వెళ్ళింది. వాళ్ళు మాత్రం పండుగ జూన్ 12నే చేసుకుంటారు, అమెరికా ఇచ్చిన రోజున కాదు. ఆ పట్టుదల నాకు భలే ఇష్టం.

ఆ ఇల్లు మోసే ఆచారాన్ని ‘బాయనిహాన్’ అంటారు. ‘బాయన్’ అంటే ఊరు. దేశానికీ అదే మాట. పరాయి రేవులో ఇద్దరు ఫిలిప్పినోలు ఎదురైతే ‘కబాయన్!’ అని పిలుచుకుంటారు. మనం ‘మనూరోడే’ అనమూ, అట్లా. వెదురు, తాటాకు ఇళ్ళు కాబట్టి మొయ్యగలిగారనుకో. ఇప్పుడు కాంక్రీట్ ఇళ్ళొచ్చాయి, ఎవరు మోస్తారు?

ఆ పిల్ల వాళ్ళమ్మ గురించి రాసిన రెండు వాక్యాలు మిగతా వ్యాసమంతటికంటే బరువైనవి. విదేశాల్లో పనిచేసేవాళ్ళను అక్కడ ప్రభుత్వమే ‘కొత్త వీరులు’ అంటుంది. మా బోసన్‌కు ఆ మాట వింటే ఒళ్ళుమంట. కొడుకుకు ఆరేళ్ళొచ్చాయి, ఒక్క పుట్టినరోజుకూ ఇంట్లో లేడు. బదులుగా ప్రతి రేవులోనూ సబ్బులు, చాక్లెట్లు, డబ్బా మాంసం కొని ఒక అట్టపెట్టెలో పేర్చేవాడు. దాన్ని ‘బాలిక్‌బాయన్’ పెట్టె అంటారు, ఊరికి తిరిగొచ్చేవాళ్ళ పెట్టె అని. మనిషి వెళ్ళలేకపోయినా పెట్టె వెళ్తుంది. ‘నువ్వు వీరుడివేనా?’ అని ఒకసారి అడిగాను. ‘నేను బాకీ తీరుస్తున్నాను’ అన్నాడు. కన్నవాళ్ళకు, చదివించిన మేనమామకు. ‘ఉతాంగ్ నా లోఓబ్’ అంటారు, లోపలి అప్పు అని. ఉప్పు తిన్న విశ్వాసం అని మనం అనేదే. మంచిదే, కానీ తీరేది కాదు. దానికి నలిగిపోయిన పెద్దకొడుకులను ఆ ఓడల్లోనే చూశాను. ఒకడు పైకొస్తుంటే పక్కవాళ్ళు కిందికి లాగే బుద్ధిని వాళ్ళే ‘బుట్టలో పీతలు’ అని తిట్టుకుంటారు. మన కప్పల తక్కెడకు చుట్టమన్నమాట. కాబట్టి వాళ్ళకున్నంత గర్వం మనకు లేదని దిగులు పడకు. వాళ్ళూ మనలాగే పొద్దున తిట్టుకుంటారు, సాయంత్రం పాడుకుంటారు.

నీ స్పీచ్‌కు వద్దాం. ఆ పిల్లకు రిజాల్ ఉన్నాడు. ఆయన కంటి డాక్టరు. స్పెయిన్ వాళ్ళు ఆయన్ని మీ అక్క ఉన్న మిందనావో దీవిలోనే దపితాన్‌కు పంపేస్తే, నాలుగేళ్ళు రోగులకు వైద్యం చేసి, పిల్లలకు బడి పెట్టి, ఊరికి నీళ్ళు తెప్పించాడు. 1896 డిసెంబర్ 30న కాల్చి చంపారు. ముప్పై అయిదేళ్ళు. మీ అక్కను అడుగు, నాకంటే బాగా చెబుతుంది.

నీకు మా వీధి ఉంది. నేనుండేది నెల్లూరు మూలాపేట. ఇక్కడి వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేశారు. స్పీచ్‌లన్నీ 1952లో రాష్ట్రం కోసం ఆయన ప్రాణం పోయిన సంగతే చెబుతాయి, ఈ గుడి సంగతి చెప్పవు. ఆ గుడి తలుపు తెరవాలంటే ఒక మనిషి అన్నం మానెయ్యాల్సి వచ్చింది. అందులో సిగ్గూ ఉంది, గర్వమూ ఉంది. రెండూ చెప్పు. కావలి నుంచి నెల్లూరుకు రైల్లో గంట, ఒక ఆదివారం వచ్చి గుడి చూసి రాసుకో. మా ఇంట్లో భోజనం చేసి వెళ్ళు, ఆవిడ ‘ఏంది’ అంటే ఏమీ అనుకోకు.

ఇంకోటి. ఆ పిల్ల వాళ్ళమ్మ గల్ఫ్‌లో ఏ దేశంలో ఉందో మీ అక్క చేత అడిగించు. మా ఎదురింటామె కువైట్‌లో ఉంది, ఆరేళ్ళయింది. ఆమె కూతురు కూడా నీ ఈడుదే.