మిల్లర్స్ ఫాల్స్ నంబర్ 2 హ్యాండ్ డ్రిల్‌కి విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: ఇక్కడ ఎడిసన్‌లో ఒక ఎస్టేట్ సేల్‌లో మిల్లర్స్ ఫాల్స్ నంబర్ 2 హ్యాండ్ డ్రిల్ కొన్నాను. తెనాలిలో వడ్రంగం చేసిన మా నాన్నగారి దగ్గర ఇలాంటిదే ఉండేది. దీని చక్ (బిట్‌ను పట్టి ఉంచే ముందు భాగం) బిగుసుకుపోయింది, దవడలు కదలడం లేదు. లోపలి స్ప్రింగులు పోయాయేమో. పక్క పిడి అసలు లేదు. విడిభాగాలు ఎక్కడ కొనాలి? కొత్త చక్ పెట్టేయవచ్చా? చక్రానికి మళ్ళీ ఎర్ర రంగు వేయించాలా?
– ఓ పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మంచి డ్రిల్ దొరికిందండీ మీకు. మసాచుసెట్స్‌లోని మిల్లర్స్ ఫాల్స్ కంపెనీ దీన్ని 1870ల చివర్లో మొదలుపెట్టి, దాదాపు వందేళ్ళు తయారుచేసింది. 1962లో ఆ కంపెనీని ఇంగర్సాల్ రాండ్ కొనేసింది. ఇప్పుడు కంపెనీ నుంచి భాగాలు తెప్పించుకునే దారి లేదు. పనికిరాకుండా పోయిన ఇంకో నంబర్ 2ను వెతికి, దాన్నుంచి తీసుకోవడమే మార్గం.

కానీ ఇప్పుడే ఏమీ కొనకండి. ఈ కంపెనీ స్ప్రింగులున్న చక్‌లూ చేసింది, స్ప్రింగులు లేని చక్‌లూ చేసింది. మీది రెండో రకమైతే లేని స్ప్రింగుల కోసం ఊరంతా తిరిగినట్టవుతుంది. ముందు చక్‌ను నూనెలో నానబెట్టి, ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు తోలు చుట్టి వైస్‌లో పట్టి, చేత్తో తిప్పి చూడండి. పైపు రెంచ్ మాత్రం వద్దు, చక్ మీది గరుకు గీతలు ఒక్క పట్టుతో అరిగిపోతాయి. నేను చూసిన బిగిసిన చక్‌లలో చాలావాటికి జబ్బు ఎండిపోయిన గ్రీజూ, చెక్కపొట్టూ మాత్రమే. కిరసనాయిలుతో కడిగితే దవడలు వాటంతటవే జారాయి.

విప్పాక దవడల పక్కల చిన్న గుంతలు కనిపిస్తే అవి స్ప్రింగులవే. ఆ గుంత వెడల్పు వెర్నియర్‌తో కొలవండి. బాల్‌పెన్ స్ప్రింగును ముక్కలుగా కత్తిరిస్తే చాలాసార్లు సరిపోతుంది. మూడు స్ప్రింగు ముక్కలూ ఒకే పొడవుండాలి, లేకపోతే బిట్ నడిమధ్యన నిలవదు.

ఇక పక్క పిడి. చాలామంది దాన్ని విప్పి ఎక్కడో పెట్టి మరిచిపోతారు, అందుకే అది లేని డ్రిల్లులే ఎక్కువ. ఫ్రేమ్‌లోని రంధ్రం మరను పిచ్ గేజ్‌తో (మర చుట్ల మధ్య దూరం కొలిచే పనిముట్టు) చూడండి. పాత అమెరికన్ పనిముట్లకు హార్డ్‌వేర్ షాపులో దొరకని మరలుంటాయి. ఉదాహరణకు స్టాన్లీ చిత్రిక పిడి బోల్టు మర 12-20, అంటే 12వ నంబర్ మందం, అంగుళానికి 20 చుట్లు. మామూలు షాపులో అడిగితే లేదంటారు. కొలత తెలిశాక చెక్క లేత్ ఉన్నవారితో మేపుల్ పిడి చేయించుకోవచ్చు.

పాత డ్రిల్ వెతకాలంటే మీ రాష్ట్రంలోనే క్రాఫ్ట్స్ అని పాత పనిముట్లు సేకరించేవాళ్ళ సంఘం ఉంది. మే, జులై, సెప్టెంబర్ నెలల్లో మసాచుసెట్స్‌లో బ్రిమ్‌ఫీల్డ్ పాత వస్తువుల సంత జరుగుతుంది. ఈబేలో ‘పార్ట్స్’ అని చేర్చి వెతకండి. మొదట్లో వచ్చిన నంబర్ 2లకు ఒకే పినియన్ (పెద్ద చక్రంతో తిరిగే చిన్న గేరు), తర్వాతి వాటికి రెండు. ఏళ్ళ కొద్దీ ఫ్రేమ్, చక్ కూడా మారాయి. అందుకని నంబర్ 2 అని రాసి ఉందని కొనేయకుండా మీదాన్ని పక్కన పెట్టుకుని ఫోటోలు పోల్చండి. శుభ్రంగా తిరుగుతున్న డ్రిల్లును ఒక్క పిడి కోసం విప్పేసేవాళ్ళంటే నాకు నిజంగా బాధ. గేర్ పళ్ళు విరిగినదాన్నే తీసుకోండి, దాని పిడీ చక్కూ చక్కగా పనికొస్తాయి.

కొత్త చక్ సంగతి: ఇప్పటి 10 మిల్లీమీటర్ల చక్‌లు ఎక్కువగా 3/8-24 మరతో (3/8 అంగుళం మందం, అంగుళానికి 24 చుట్లు) వస్తాయి. మీ స్పిండిల్‌కి (చక్ బిగించే కడ్డీ) సరిగ్గా ఎక్కితే వాడుకోండి, పాతది దాచి ఉంచండి. ఎక్కకపోతే స్పిండిల్‌ను కోయించి, కొత్త మర వేయించకండి. తర్వాత అసలు చక్ దొరికినా పెట్టలేరు.

రంగు వేయించకండి. సబ్బునీళ్ళతో తుడిచి, తడి పూర్తిగా ఆరాక పల్చగా నూనె రాస్తే ఆ పాత ఎరుపే బయటికొస్తుంది.