ఎప్టాయిన్ లెవెల్ 8కి పడింది, మాత్ర పెంచాలా?

మీ అమ్మగారు ఏళ్ల తరబడి రాత్రిపూట 300 మి.గ్రా. ఎప్టాయిన్ (ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు) వేసుకుంటున్నారు, ఫిట్స్ లేవు, పోయినసారి 15 ఉన్న రక్తంలోని మందు లెవెల్ ఇప్పుడు 8 వచ్చింది, రిపోర్టులో 'తక్కువ' అని ఉంది కాబట్టి ఇంకో మాత్ర కలపమంటారా అని అడిగారు. వద్దు. ఆ కాగితం ఒక్కటీ చూసి మీ అంతట మీరు ఏమీ కలపొద్దు, అలాగని మానేయనూ వద్దు. మా తమ్ముడు ఇంటర్ రోజుల నుంచి ఇదే మందు మీద ఉన్నాడు, కాబట్టి దీని సంగతి ఇంట్లో పెట్టుకుని చూసినవాడిగా చెబుతున్నాను.

ఈ మందును కాలేయం ఒక హద్దు వరకే విరగ్గొట్టగలదు. బస్టాండులో పాసులిచ్చే కౌంటరు ఒక్కటే ఉండి గంటకు ఇన్ని పాసులే ఇవ్వగలిగితే, నలుగురు ఎక్కువ వచ్చినా లైను బయటికి వెళ్లిపోతుంది చూడండి, అలా. 300ని 400 చేస్తే లెవెల్ కూడా ఆ మేరకే పెరుగుతుందనుకుంటాం, కొందరిలో అది రెట్టింపు దాటుతుంది. అందుకే తెలిసిన డాక్టర్లు దీన్ని 25, 50 మి.గ్రా. చొప్పున జరుపుతారు. లెవెల్ మామూలుగా 10 నుంచి 20 మధ్య ఉండాలంటారు. 20 దాటితే కళ్లు అదరడం, 30 దాటితే తూలడం, 40 దగ్గర మత్తు. మనిషిని బట్టి కాస్త అటూఇటూ.

ఆ తూలడం ఎలా ఉంటుందో నేను చూశాను. తమ్ముడికి టీబీ వచ్చి ప్రభుత్వ మందులు మొదలుపెట్టిన కొన్నాళ్లకి, ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్తున్న బస్సులో వాడు సీటు పట్టుకోలేక పక్కావిడ మీద పడ్డాడట, మాట కూడా ముద్దగా వచ్చేసరికి అందరూ తాగాడనుకున్నారు. కండక్టరు దారిలో దించేశాడు. నేను బండి మీద వెళ్లేసరికి రోడ్డు పక్క చెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎదురుగా టీ కొట్టు దగ్గర జనం చూస్తున్నారు, ఒకడు ఫోన్‌లో వీడియో కూడా తీస్తున్నాడు. వాడు నన్ను చూసి అన్న మొదటి మాట, "అన్నా, నేను తాగలేదు." జీవితంలో చుక్క ముట్టనివాడు. ఆ రోజు బస్సులో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "బాబూ, ఒంట్లో బాగాలేదా" అని అడిగి ఉంటే సరిపోయేది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు ముందు నోరు వాసన చూశాడు, తర్వాత ఫిట్స్ ముదిరి ఉంటాయి, ఇంకో ఎప్టాయిన్ కలపండి అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు, మా న్యూరాలజిస్టుని అడిగాకే అంది. ఆయన చేసింది చాలా చిన్న పని. వేలు చూపించి కళ్లతో దాన్నే చూడమన్నాడు. పక్కకి తిప్పగానే కళ్లు టకటకా కొట్టుకున్నాయి. "కొత్తగా ఏం మందులు వేసుకుంటున్నావు?" అని అడిగితే అమ్మ సంచిలోంచి టీబీ మాత్రలు తీసి టేబుల్ మీద పెట్టింది. లెవెల్ 38 వచ్చింది. ఆ టీబీ మాత్రల్లోని ఐసోనియాజిడ్ ఎప్టాయిన్ విరగకుండా అడ్డుపడుతుంది, అందులోనే ఉండే రిఫాంపిసిన్ త్వరగా విరిగేలా చేస్తుంది. ఏది నెగ్గుతుందనేది ఒంటిని బట్టి. మా వాడి విషయంలో ఐసోనియాజిడ్ నెగ్గింది.

ఆయన కొన్ని రోజులు ఆపించి తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టించారు, టీబీ కోర్సు అయిపోగానే మళ్లీ పరీక్ష చేయాలని ముందే రాసిచ్చారు. అన్నట్టే అప్పుడు 6కి పడింది. ఎప్టాయిన్ ఒక్క రోజు తప్పలేదు, పక్కనుండే మందు పోయింది, అంతే. అక్కడి నుంచి 50 చొప్పున పెంచుకుంటూ పాత మోతాదుకి వచ్చాం. కాబట్టి లెవెల్ ఎందుకు మారింది అనే ప్రశ్నకి జవాబు చాలాసార్లు ఎప్టాయిన్ డబ్బాలో దొరకదు, మిగతా మందుల కవర్లో దొరుకుతుంది. పంటి డాక్టరైనా, జ్వరానికి చూసే ఆర్‌ఎంపీ అయినా, చీటీ రాసేముందు ఫిట్స్ మందు వాడుతున్నారని చెప్పండి, అవసరమైతే రెండుసార్లు చెప్పండి.

మందుల షాపు సంగతి ఒకటి. "అదే మందమ్మా, కంపెనీ వేరే" అని ఇచ్చేస్తారు. ఈ మందు దగ్గర ఆ మాట ఒప్పుకోకండి. 1968, 69లో ఆస్ట్రేలియాలో ఫెనిటాయిన్ క్యాప్సూల్‌లో మందు మార్చలేదు, కలిపే పొడి మాత్రం కాల్షియం సల్ఫేట్ నుంచి లాక్టోజ్‌కి మార్చారు, అంతకే ఎంతోమందికి విషమైంది. కంపెనీ మారిస్తే డాక్టరుకి తెలిసే మారాలి.

ఇంకోటి, ఇది మీరు అడగలేదు. మన ఇళ్లలో లెవెల్ పడిపోవడానికి పెద్ద కారణం దాపరికం. పెళ్లయిన అమ్మాయి అత్తారింట్లో మాత్ర కనబడకూడదని పూట ఎగ్గొడుతుంది, చుట్టాలొస్తే డబ్బా బీరువా అడుగుకి పోతుంది. హిందూ వివాహ చట్టంలోంచే మూర్ఛ అనే మాటను 1999లో తీసేశారు, మన పెళ్లి చూపుల్లోంచి మాత్రం ఇంకా పోలేదు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టేవాళ్లు కూడా ఇంకా ఉన్నారు. తాళాలతో ఏమీ కాదు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

మీ అమ్మగారి విషయానికొస్తే, రెండుసార్లూ రక్తం ఒకే వేళకి తీశారా? గ్యాస్‌కని సిరప్ గానీ, కాల్షియం మాత్ర గానీ ఎప్టాయిన్‌తో కలిపే వేసుకుంటున్నారా? అవి కడుపులోనే అడ్డం పడతాయి, వాటికీ దీనికీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. ఈ మధ్య తిండి తగ్గి చిక్కిపోయారా, కాళ్ల వాపులున్నాయా? అది తప్పకుండా చూడండి. ఎందుకంటే రక్తంలో ఈ మందు నూటికి తొంభై పాళ్లు ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్‌కి అతుక్కుని ఉంటుంది, పనిచేసేది మిగిలిన కొంచెమే. ఆల్బుమిన్ తగ్గినవాళ్లకి మొత్తం లెవెల్ తక్కువ కనిపించినా పనిచేసే మందు సరిపడా ఉండొచ్చు. ఆల్బుమిన్ 2.5 ఉంటే, డాక్టర్లు వేసే లెక్క ప్రకారం మీ 8 దాదాపు 13తో సమానం. అప్పుడు ఇంకో మాత్ర కలిపితే ఆవిడ బాత్రూంలో పడతారు. ఆల్బుమిన్, కిడ్నీ పరీక్షలు ఇటీవలివి లేకపోతే చేయించి, వీలుంటే ఫ్రీ ఫెనిటాయిన్ (అతుక్కోకుండా మిగిలిన మందు) పరీక్ష కూడా చేయించి, మందుల కవర్లన్నీ పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.